షుగరు ఉన్నవాళ్ల తిండి: కర్నూలు, కడప, అనంతపురం ఇళ్లలో తరచుగా అడిగే ప్రశ్నలు

షుగరు ఉందని తెలిసినవాళ్లతో తిండి గురించి మాట్లాడటమే నా పని. ఊరు మారినా మనిషి మారినా ప్రశ్నలు మాత్రం అవే. చీటీ మీద రాసిచ్చింది ఇంటికి పోయేసరికి ఎక్కడో పడిపోతుంది, వాట్సాప్‌లో వచ్చింది మాత్రం నిలిచిపోతుంది. అందుకే ఒకచోట రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్న వెతుక్కుని దాని జవాబు ఒక్కటి చదువుకున్నా సరిపోతుంది.

ఇది టైప్ 2 షుగరు ఉన్న పెద్దవాళ్ల కోసం. గర్భిణులకు, పిల్లలకు, టైప్ 1 ఉన్నవాళ్లకు లెక్క వేరు. మాత్రలు, ఇన్సులిన్ మోతాదు మార్చాల్సింది మీ డాక్టరే.

## కొత్తగా తెలిసినప్పుడు

మొన్ననే షుగరు అని చెప్పినారు. రేపటి నుంచి అన్నం పూర్తిగా మానేయాల్నా?

అక్కర్లేదు. మానేస్తామని పంతం పట్టినవాళ్లు నెల తిరక్కుండా మళ్లీ గిన్నె ముందేసుకోవడం నేను చాలాసార్లు చూశాను. తగ్గించినవాళ్లే నిలబడతారు.

మన పళ్లెంలో ముప్పాతిక భాగం అన్నం, మూలన కొంచెం పప్పు, అంచుకు ఊరగాయ ఉంటాయి. మార్చాల్సింది ఈ వాటాలనే. పళ్లెంలో సగం కూర, ఆకుకూర, పచ్చి కూరగాయ ముక్కలు ఉండాలి. పావు వంతు పప్పు, గుడ్డు, చేప, చికెన్ లాంటివి. మిగిలిన పావులోనే అన్నమో సంగటో రొట్టో. ఉడికిన అన్నం ఒక కప్పు, అంటే దాదాపు 150 గ్రాములు, తింటే 40 గ్రాములకు పైగా పిండిపదార్థం ఒంట్లోకి పోతుంది. చాలామందికి పూటకు అది చాలు. కప్పుతో కొలవడం మొదట్లో నామోషీగా ఉంటుంది. ఒక వారం కొలిస్తే తర్వాత కంటికే తెలుస్తుంది.

మా జేజి సంగటి తిని తొంభై ఏండ్లు బతికింది. మాకెందుకొచ్చింది ఈ రోగం?

మీ జేజి తిన్నది సంగటి ఒక్కటే కాదు, చేసిన పనీ వేరు. చేన్లో కలుపు, బావిలో నీళ్లు, రోట్లో దంపుడు, సంతకు నడక. ఆ సంగటి ఒంట్లో చక్కెరగా నిలిచే సందే ఉండేది కాదు.

తిండీ మారింది. కె.సి. (కర్నూలు-కడప) కాలువ కింద వరి ముందే ఉన్నా, మెట్ట ఊళ్లలో వరన్నం పండగ తిండే. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక పూటపూటకూ అన్నం వండుకునే ఇళ్లు పెరిగాయి. ఆకలి తీర్చిన బియ్యాన్ని తప్పుపట్టే పనిలేదు. కానీ జొన్న, కొర్ర, రాగి పళ్లెం దిగిపోయాయి, అదే కాలంలో ఒంటికి పనీ తగ్గింది. ఇక అమ్మకో నాయనకో షుగరు ఉంటే మనకు వచ్చే అవకాశం ఎక్కువే.

నేను సన్నగానే ఉన్నా కదా, నాకెట్లా వచ్చింది?

నడుం కొలవండి. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే కడుపులో, కాలేయం చుట్టూ కొవ్వు చేరిందని లెక్క. చేతులూ కాళ్లూ సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకొచ్చిన ఒళ్లు మన దగ్గర చాలా మామూలు. ఎత్తుకు తగ్గ బరువును చెప్పే బి.ఎం.ఐ. 23 దాటితేనే మనవాళ్లకు ఎక్కువ బరువు కింద చూస్తారు. పొట్ట కూడా లేకుండా బరువు దానంతట అదే తగ్గిపోతుంటే మాత్రం డాక్టరుతో చెప్పండి, షుగరు రకం మరోసారి చూడాల్సి రావచ్చు.

రిపోర్టులో మూడు అంకెలు ఉన్నాయి. తిండికి ఏది చూసుకోవాల?

పరగడుపున తీసిన రక్తంలో 126, హెచ్‌బిఎ1సి 6.5 శాతం, వీటిలో ఏది చేరినా, దాటినా షుగరు అంటారు, సాధారణంగా రెండోసారి పరీక్షించి ఖాయం చేస్తారు. ఆ తర్వాత చాలామందికి పెట్టే గురి ఇది: పరగడుపున 80 నుంచి 130, తిన్న రెండు గంటలకు 180 లోపు, ఎ1సి 7 లోపు. ముసలివాళ్లకు డాక్టర్లు కొంచెం సడలిస్తారు.

ఎ1సి గడిచిన మూడు నెలల సగటు చెప్తుంది. ఏ తిండి ఎంత పెంచిందో దాన్నిబట్టి తెలియదు. దానికి తిన్న తర్వాతి అంకె కావాలి. ఇంట్లో గ్లూకోమీటరు ఉంటే ఇట్లా చేయండి: ఒకరోజు మధ్యాహ్నం ఎప్పుడూ తినేంత అన్నం తిని, మొదటి ముద్ద నుంచి రెండు గంటలకు చూడండి. మరోరోజు అదే కూరతో సగం అన్నం, రెట్టింపు కూర తిని చూడండి. రెండు అంకెలూ క్యాలెండరు మీద రాసిపెట్టండి. నేను గంట సేపు చెప్పినా దిగనిది ఆ రెండు అంకెలు చూడగానే దిగుతుంది. మీటరు లేకపోతే దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించుకోండి.

బరువు తగ్గితే షుగరు పూర్తిగా పోతుందంట, నిజమేనా?

కొందరికి నిజమే. బ్రిటన్‌లో చేసి 2017లో ప్రచురించిన డైరెక్ట్ అనే అధ్యయనంలో, షుగరు వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లకు కొన్ని నెలలు బాగా తక్కువ క్యాలరీల తిండి ఇచ్చి బరువు తగ్గించారు. ఏడాదికల్లా 46 శాతం మంది మందుల్లేకుండా షుగరు హద్దులో పెట్టుకోగలిగారు. 15 కిలోలు, ఆపైన తగ్గినవాళ్లలో ఆ లెక్క 86 శాతం.

అయితే దాన్ని పోయింది అనరు, సద్దుమణిగింది అంటారు. బరువు తిరిగొస్తే అదీ తిరిగొస్తుంది. అది డాక్టర్ల కంటి కింద జరిగిన పని కూడా. మాత్రలు మింగుతూ సొంతంగా కడుపు మాడ్చుకుంటే షుగరు ప్రమాదకరంగా పడిపోతుంది.

## రోజూ పళ్లెంలో

రాగి సంగటి షుగరుకు మంచిదంట కదా, ఎంతైనా తినొచ్చా?

ఎక్కువసార్లు వచ్చే ప్రశ్న ఇదే. జవాబు చాలామందికి రుచించదు.

నూరు గ్రాముల రాగిపిండిలో పిండిపదార్థం దాదాపు 70 గ్రాములు, బియ్యంలో 78. పెద్ద తేడా లేదు. రాగికి పీచు ఎక్కువ, నూరు గ్రాములకు 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది, బియ్యంలో అది పేరుకే. అందుకే రాగి మేలు. మేలు అంటే లెక్కలేకుండా తినొచ్చని కాదు.

రెండో సంగతి, మీ ఇంట్లో సంగటి ఎట్లా చేస్తారో ఒకసారి పొయ్యి దగ్గర నిలబడి చూడండి. ఎసరు కాగినాక బియ్యమో నూకలో పోస్తారు. అవి మెత్తగా ఉడికినాక రాగిపిండి పైన కుప్పగా పోసి, మధ్యలో కట్టెతో గుంత చేసి, మూతపెట్టి మగ్గనిస్తారు. దించి, గిన్నెను రెండు కాళ్లతో అదిమిపట్టి కట్టెతో గెలికి, తడిచేత్తో ముద్ద చేస్తారు. రెండు గ్లాసుల బియ్యానికి ఒక గ్లాసు పిండి పడితే అది రాగి రంగేసిన అన్నం. హోటళ్లలో సంగటి పేరుతో పెట్టే లేత బూడిద రంగు ముద్దలు చాలావరకు ఇవే. విరగ్గొడితే లోపల మెతుకులు తెల్లగా కనబడతాయి.

ఇంట్లో బియ్యం వాటా తగ్గించి, పిండి వాటా పెంచుతూ రండి. ముద్ద ముదురు రంగుకు రావాలి. మరపట్టించేటప్పుడు పిండి మరీ మైదాలాగా కాకుండా కాస్త బరకగా ఉంచమనండి, జల్లెడ పట్టకండి. ముద్ద మీ పిడికిలంత, పూటకు ఒకటి. నెయ్యి గుంట అక్కర్లేదు, ఒక చెంచా చాలు. పక్కన ఆకుకూర పప్పో, పలచటి నాటుకోడి పులుసో, గోంగూరో ఉండాలి. ఊరిబిండి ఒక్కదానితో రెండు ముద్దలు దిగమింగితే రెండు గంటల తర్వాత మీటరే చెప్తుంది.

రాగి జావ మరీ జాగ్రత్త. పలచగా కాచి తాగితే నమిలే పని లేకుండా చకచకా రక్తంలోకి పోతుంది. తాగాలనిపిస్తే మజ్జిగ కలిపి, ఎర్రగడ్డ ముక్కలేసి, చిన్న గ్లాసుడు.

జొన్న రొట్టె మేలా, చపాతీ మేలా?

జొన్న రొట్టె. వేడినీళ్లతో పిండి తడిపి చేత్తో తట్టి, నూనె చుక్క లేకుండా పెనం మీద కాలుస్తారు. నమలడానికే టైం పడుతుంది, రెండు తినేసరికి కడుపు నిండుతుంది. 50 గ్రాముల పిండితో తట్టిన రొట్టెలో పిండిపదార్థం 35 గ్రాముల దాకా ఉంటుంది కాబట్టి రెండు దాటకండి. పలచగా తట్టడం రాని ఇంట్లో ఒక్కటే రెండింటి ఎత్తు ఉంటుంది, అది కూడా చూసుకోవాలి. ఆదోని వైపు పెట్టే గుత్తివంకాయ కూర నూనెలో తేలకుండా చేసుకుంటే దీనికి మించిన జోడీ లేదు.

రాత్రి అన్నం మానేసి చపాతీ తింటున్నా. అయినా షుగరు తగ్గలేదే?

ఎన్ని తింటున్నారు? కప్పు అన్నం తినే మనిషి, షుగరు వచ్చాక నూనె రాసిన చపాతీలు నాలుగు, ఉర్లగడ్డ కుర్మాతో తినడం మామూలు. గోధుమ కూడా పిండే. రెండు చాలు. కూరలో ఉర్లగడ్డ బదులు గోరుచిక్కుడో బీరకాయో బెండకాయో వేయండి.

కొర్రలు, సామలు, అరికెలు తింటే మందులు మానేయొచ్చని చెప్తున్నారు...

మానేయొద్దు. కొర్ర మంచి గింజ, మన నేలది. సూర్యనంది అనే కొర్ర రకం నంద్యాల పరిశోధన స్థానంలో తయారైందే. పీచు ఉంటుంది, బియ్యంతో పోలిస్తే చక్కెరను నెమ్మదిగా ఎక్కిస్తుంది. కానీ వాటిలోనూ 60 నుంచి 70 శాతం పిండిపదార్థమే. బియ్యం తిన్నంత కొలతలో కొర్రన్నం తిని, మందు ఆపేసి, కాలి పుండుతో వచ్చినవాళ్లు ఉన్నారు.

కొనేటప్పుడు పాలిష్ పట్టి తెల్లగా మెరిసేవి వద్దు. కొన్ని గంటలు నానబెట్టి, పొడిపొడిగా వండండి. ఐదు రకాల చిరుధాన్యాలూ తిప్పి తిప్పి తినాలన్న నియమం ఏమీ లేదు, దొరికింది, నచ్చింది తినండి. కడుపుబ్బరం వస్తే మొదట వారానికి రెండు పూటలతో సరిపెట్టుకోండి.

అంగట్లో షుగర్ ఫ్రీ బియ్యం అని అమ్ముతున్నారు, కొనొచ్చా?

చక్కెరగా మారని బియ్యం అంటూ ఏదీ లేదు. రకాన్నిబట్టి వేగం మారుతుంది, అంతే. తెలంగాణ సోనా అనే ఆర్.ఎన్.ఆర్. 15048 రకానికి గ్లైసెమిక్ సూచిక, అంటే తిండి రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే అంకె, 51, 52 దగ్గర వచ్చింది, అది తక్కువ కిందకే వస్తుంది. సంచి మీద రకం పేరు లేకుండా షుగర్ ఫ్రీ అని మాత్రమే ఉంటే ఎక్కువ ధర పెట్టి కొనకండి. మామూలు కర్నూలు సోనానే ఒక కప్పు తింటే, ఖరీదైన బియ్యం మూడు కప్పుల కన్నా నయం.

పొద్దున్నే ఉగ్గాని బజ్జీ లేకపోతే మాకు తెల్లవారదు. ఏం చేయాల?

బొరుగులు తేలిగ్గా ఉంటాయి కాబట్టి మంచివని చాలామంది అనుకుంటారు. తేలికైంది తూకానికే. బియ్యాన్ని పేల్చడంతో పిండి విచ్చుకుని ఇంకా తొందరగా చక్కెరవుతుంది. నానబెట్టి పిండితే పెద్ద గిన్నెడు బొరుగులు గుప్పెడవుతాయి, అందుకే ఎంత తిన్నామో తెలియదు. పైన శనగపిండి ముంచిన మిరపకాయ బజ్జీలు రెండు.

వదిలేయమని నేను అనను, అన్నా ఎవరూ వినరు. ఆదివారానికి పెట్టుకోండి. ఇంట్లో చేస్తే బొరుగులు సగానికి తగ్గించి, ఎర్రగడ్డ, టమోట, క్యాప్సికం, క్యారెట్ తురుము పెంచండి. వేయించిన పప్పుల పొడి చేత్తో ధారాళంగా చల్లండి, అది పప్పుధాన్యమే కాబట్టి పనికొస్తుంది. బజ్జీ బదులు ఉడకబెట్టిన గుడ్డు. బండి దగ్గరైతే చిన్న ప్లేటు, ఒక బజ్జీ.

ఇడ్లీ, కారం దోసె, పొంగనాలు?

ఇడ్లీ మూడు, దాంతో కప్పు నిండా సాంబారు లేదా చెనిక్కాయ చట్నీ. ఇడ్లీ కన్నా చట్నీ, సాంబారు ఎక్కువ తినండి. కడప కారం దోసె మీద ఎర్రకారం, పప్పుల పొడి వల్ల ఇబ్బంది లేదు, పెనం మీద గుమ్మరించే నూనె, వెన్నతోనే. ఒకటి తినండి. పెసలు నానబెట్టి రుబ్బిన దోసె ఇంట్లో పోసుకుంటే రెండు తినొచ్చు. గుంత పొంగనాలకు చుక్క నూనె చాలు, పిండిలో మినుములు, మెంతులు పెంచండి.

చెనిక్కాయలు తింటే కొవ్వు పెరుగుతుందంటారు. అనంతపురంలో ఉండి అవి మానేదెట్లా?

మానొద్దు. రక్తంలో చక్కెరను అంతగా పెంచని తిండిలో చెనిక్కాయ ముందుంటుంది. నూరు గ్రాములకు 25 గ్రాముల దాకా మాంసకృత్తులు ఉంటాయి, కొవ్వులోనూ ఎక్కువ భాగం గుండెకు మేలు చేసేదే. చిక్కు క్యాలరీలతో. 30 గ్రాములు, అంటే ఒక గుప్పెడు, 170 క్యాలరీలు. టీవీ ముందు చేటలో పోసుకుని కూర్చుంటే గుప్పెడు ఎక్కడ ఆగుతుంది? పొట్టుతో ఉడకబెట్టినవి ఒలుచుకుంటూ తింటే చెయ్యి నిదానిస్తుంది. సాయంత్రం బిస్కెట్ల బదులు ఇవి. బెల్లం పట్టించిన చిక్కీ మాత్రం మిఠాయి కిందకే వస్తుంది.

చక్కెర మానేసి బెల్లం వేసుకుంటున్నా. తప్పా?

రెండూ చెరకు చక్కెరే. బెల్లంలో ఇనుము లాంటివి కొద్దిగా ఉన్నా, షుగరు పెంచడంలో తేడా లేదు. తేనె, తాటిబెల్లం కూడా అంతే.

రోజుకు నాలుగు టీలు తాగుతా, ఒక్కోదాంట్లో కొంచెమే చక్కెర.

కొంచెమే అంటే సాధారణంగా రెండు చెంచాలు, 10 గ్రాములు. నాలుగు టీలకు 40 గ్రాములు. పైగా పక్కన బన్నో బిస్కెట్టో. రెండు టీలకు దించి, చక్కెర వారానికి అర చెంచా చొప్పున తగ్గిస్తూ పోతే నాలుక అలవాటు పడుతుంది. అల్లం, యాలకులు వేస్తే చక్కెర లేని లోటు అంతగా తెలియదు. టీ అంగడిలో ముందే కలిపిన టీ కాకుండా విడిగా చక్కెర లేకుండా పోయమని అడగండి, పోస్తారు.

ఏ పండ్లు తినొచ్చు? మామిడి పూర్తిగా మానాల్నా?

జామ, నేరేడు, చీనీ, బొప్పాయి, దానిమ్మ, ఆపిల్, వీటిలో రోజుకు ఒకటి రెండు సార్లు, ఒక్కోసారి ఒక చిన్న గిన్నెడు. చీనీకాయ ఒలుచుకుని తొనలు తినండి. గ్లాసు రసానికి మూడు నాలుగు కాయలు పిండుతారు, పీచు పిప్పిలో పోతుంది, చక్కెర గ్లాసులో మిగులుతుంది. చక్కెర కలపకపోయినా రసం రసమే.

బంగినపల్లె మామిడి సీజన్లో మానమంటే ఈ సీమలో ఎవరు వింటారు? పెద్ద కాయలో పావు వంతు, అన్నం తిన్న వెంటనే కాకుండా సాయంత్రం విడిగా. తిన్నరోజు రాత్రి అన్నం కొంచెం తగ్గించండి. మామిడిపండుతో పెరుగన్నం కలుపుకుంటే రెండు పూటల పిండిపదార్థం ఒకే పూట పడినట్టే. కలింగర కాయ తీపిగా ఉన్నా ఎక్కువ నీళ్లే, ఎండాకాలం రెండు ముక్కలు ఫర్వాలేదు. అరటిపండు చిన్నది సగమో ఒకటో. సీతాఫలం, సపోటా ఎప్పుడన్నా.

నాటుకోడి, మటన్, గుడ్డు తింటే షుగరు పెరుగుతుందా?

మాంసంలో పిండిపదార్థం దాదాపు ఉండదు. పెంచేది దాంతోపాటు లాగించే సంగటి, బిర్యానీ. చికెన్, చేప వారానికి రెండు మూడుసార్లు తినొచ్చు. మటన్, బోటి, తలకాయ కూర నెలకు ఒకటి రెండుసార్లు చాలు, వాటిలో గుండెకు చేటు చేసే కొవ్వు ఎక్కువ. గుడ్డు రోజుకు ఒకటి చాలామందికి సరిపడుతుంది. శాకాహారులకు ఉలవలు, అలసందలు, పెసలు, శనగలు, పెరుగు ఉన్నాయి. సాయంత్రం ఉలవ గుగ్గిళ్లు ఒక గిన్నెడు తిని చూడండి, రాత్రి ఆకలి సగానికి పడిపోతుంది.

అన్నీ అవే తింటాం. తినే వరస మారిస్తే తేడా వస్తుందా?

వస్తుంది, దమ్మిడీ ఖర్చు లేకుండా. ముందు కూరగాయలు, ఆకుకూర, తర్వాత పప్పో గుడ్డో మాంసమో, చివర అన్నం తింటే భోజనం తర్వాతి షుగరు అంతగా ఎగరదు. మన అలవాటులో మొదటి ముద్దే అన్నం. కనీసం కూర సగం ఉత్తదే తిని, తర్వాత అన్నం కలుపుకోండి. తిన్నాక మంచం ఎక్కకుండా పది పదిహేను నిమిషాలు నడిస్తే ఇంకా మేలు. మే నెలలో నలభై డిగ్రీల ఎండలో బయటికి పొమ్మని కాదు, వరండాలోనే అటూ ఇటూ.

కాకరకాయ రసం, మెంతులు తాగితే చాలంటారు.

మెంతుల్లో పీచు ఎక్కువ. రాత్రి నానబెట్టి పొద్దున నమిలితే కొంచెం సాయం చేస్తాయి. కాకర మంచి కూరగాయ. రెండూ మందుకు బదులు కావు. గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర వేసుకుని పరగడుపున గ్లాసు కాకర రసం తాగి టిఫిను ఆలస్యం చేస్తే షుగరు పడిపోవచ్చు. పేరూ ఊరూ లేని పొడులు పొట్లాలు కట్టి ఇస్తే అసలు తీసుకోకండి.

నూనె, ఉప్పు సంగతి?

నూనె మనిషికి నెలకు అర లీటరు, కాస్త అటూ ఇటూ. మీ ఇంట్లో ఎన్ని ప్యాకెట్లు అవుతున్నాయో మనుషులతో భాగించి చూడండి. ఏ నూనె అన్నదానికన్నా ఎంత అన్నది ముఖ్యం. ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే చెంచా లోపు, అందులో ఊరగాయ, అప్పడం, చట్నీ అన్నీ కలిసే. షుగరు ఉన్న చాలామందికి బీపీ కూడా ఉంటుంది కాబట్టి ఊరగాయ ఆవకాయ బద్ద ఒక్కటే.

## పండుగలు, పెళ్లిళ్లు, ఒక్కపొద్దులు

ఉగాదికి ఓళిగలు చేస్తారు. ఒక్కటి కూడా తినకూడదా?

ఒక్కటి తినండి. బహువచనమే ప్రమాదం. ఓళిగ తిన్నపూట అన్నం, చిత్రాన్నం, పాయసం వద్దు. ఓళిగ, పక్కన కూర, పప్పుచారు, మజ్జిగ. తర్వాత నడక. పండుగ మర్నాడు మిగిలినవి డబ్బాలో కంటికి ఎదురుగా ఉంటాయి, అసలు దెబ్బ అక్కడే. పక్కింటికి పంపేయండి.

పెళ్లిలో వడ్డించేవాళ్లు చుట్టాలే కాబట్టి వద్దంటే ఊరుకోరు. "షుగరు" అంటే "ఈ ఒక్కరోజుకు ఏమవుతుందిలే మామా" అంటారు. ఆకు మీద కూరలు ముందు వేయించుకుని, అన్నం రెండోసారి వచ్చేసరికి పెరుగు పోయించుకుంటే గండం గడుస్తుంది.

శనివారం ఒక్కపొద్దు ఉంటాను. షుగరుకు మంచిదేనా?

మాత్రల మీద ఆధారపడి ఉంటుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగరు పడిపోయే ప్రమాదం తక్కువ. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, ఇన్సులిన్ ఉంటే డాక్టరుతో మాట్లాడకుండా పూట మానొద్దు. ఉపవాసం పేరుతో తినేవి కూడా చూడండి: సగ్గుబియ్యం ఉప్మా, ఉర్లగడ్డ వేపుడు, అరటిపండ్లు, పాలూ చక్కెరా. అన్నం మానిన దానికి మూడింతలు. ఉడికించిన పెసలు, మజ్జిగ, జామపండు మేలు.

శివరాత్రికో ఉగాదికో నల్లమలలో నడిచి శ్రీశైలం పోయేవాళ్లు మామూలు రోజు మోతాదు మందు వేసుకుని ఖాళీ కడుపుతో నడవొద్దు. జేబులో గ్లూకోజు పొడి, వేయించిన శనగలు, కాలికి మెత్తటి చెప్పులు ఉండాలి. కాళ్లకు తిమ్మిరి ఉన్నవాళ్లు వట్టికాళ్లతో నడవనే కూడదు, గుచ్చుకున్నా తెలియదు.

రంజాన్‌లో రోజా ఉండొచ్చా?

చాలామంది ఉండగలరు, కానీ నెలా రెండు నెలల ముందే డాక్టరును కలవాలి. మాత్రల వేళలు, ఇన్సులిన్ మోతాదు మార్చాల్సి వస్తుంది. కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లు, తరచూ షుగరు పడిపోయేవాళ్లు ఉండకపోవడమే మంచిది.

సహరీ వీలైనంత ఆలస్యంగా, పీచూ మాంసకృత్తులూ ఉండేలా తినండి: జొన్న రొట్టె, గుడ్డు, పప్పు, పెరుగు. ఇఫ్తార్‌కు ఖర్జూరం ఒకటి, నీళ్లు, తర్వాత మామూలు భోజనం. రూఅఫ్జా షర్బత్, సమోసా, హలీం ఒకేరోజు కలిస్తే కష్టం. రోజా మధ్యలో షుగరు 70 కిందకు పోయినా, 300 దాటినా వెంటనే విరమించాలి. వేలి నుంచి చుక్క రక్తం తీసి చూసుకోవడం వల్ల రోజా పోదని ఎక్కువమంది ఉలేమాలు చెప్తారు.

కల్లు, మందు?

తాగకపోవడమే మంచిది. ఖాళీ కడుపుతో తాగితే రాత్రి నిద్రలో షుగరు పడిపోతుంది, పక్కనున్నవాళ్లు తాగిన మత్తే అనుకుంటారు.

## మందులు మొదలయ్యాక, ఏళ్లు గడిచాక

ఒక్కసారిగా చెమటలు, వణుకు, కళ్లు తిరగడం. ఏం తినాల?

షుగరు 70 కన్నా తగ్గి ఉండొచ్చు. చూసుకునే వీలు లేకపోయినా ఆగొద్దు. మూడు నాలుగు చెంచాల చక్కెరో గ్లూకోజో నీళ్లలో కలిపి తాగండి. పదిహేను నిమిషాలాగి మళ్లీ చూడండి, వణుకు, చెమటలు తగ్గకపోయినా, షుగరు ఇంకా 70 లోపే ఉన్నా మళ్లీ అంతే. కుదుటపడ్డాక ఏదన్నా భోజనం చేయాలి. చాక్లెట్, మిఠాయి వద్దు, కొవ్వు వల్ల ఆలస్యమవుతుంది. స్పృహ లేని మనిషి నోట్లో ఏమీ పోయకండి, 108కు ఫోన్ చేయండి.

చేన్లో పనిచేసేవాళ్లు, ఆటో నడిపేవాళ్లు చక్కెర పొట్లం జేబులో పెట్టుకోవాల్సిందే. పని ఎక్కువున్న రోజు కూడా పొద్దున తినకుండా మాత్ర వేసుకోవద్దు.

మాత్రలేసుకుంటున్నా కదా, ఇంక పథ్యం ఎందుకు?

మాత్ర ఒక హద్దు వరకే దించుతుంది. తిండి అట్లాగే ఉంటే మాత్రలు పెరుగుతాయి, తర్వాత సూది. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బి12 తగ్గొచ్చు. శాకాహారులైతే మరీ. కాళ్లు మంటలు, నీరసం ఉంటే ఆ పరీక్ష అడగండి.

క్రియాటినిన్ పెరిగిందన్నారు. ఇప్పుడూ ఇదే తిండా?

కాదు. క్రియాటినిన్ పెరిగిందంటే కిడ్నీల పని తగ్గి ఉండొచ్చు. ఇక్కడి నుంచి మీ రిపోర్టును బట్టి మీకొక్కరికే లెక్క వేయాలి. పప్పు, మాంసం ఎంత తినాలో కొలిచి చెప్తారు. పొటాషియం పెరిగినవాళ్లకు కొబ్బరినీళ్లు, చీనీ రసం, అరటి వద్దంటారు. ఉప్పు బదులు వాడే తక్కువ సోడియం ఉప్పులో పొటాషియం ఉంటుంది, అది కొనకండి. ఎవరికో పనిచేసిన డైట్ చార్టు మీరు పాటించకండి.

ఒక్కడి కోసం ఇంట్లో వేరే వంట ఎట్లా చేయాల?

వేరే వంట వద్దు. రాగి ఎక్కువ పడిన సంగటి, నూనె తగ్గిన కూర, ఆకుకూర పప్పు ఇంటిల్లిపాదికీ మంచివే. షుగరున్నవాళ్ల పిల్లలకు అవి ఇంకా అవసరం. మారేది ఎవరి పళ్లెంలో ఎంత అన్నదే. వండే మనిషికే షుగరు ఉంటే, అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది వేస్ట్ అవుతుందని తినే అలవాటు ముందు మానాలి. మా దగ్గరికి వచ్చే ఆడవాళ్లలో చాలామందికి షుగరు అదుపు తప్పేది అక్కడే.

జ్వరం, వాంతులు వచ్చి ఏమీ తినలేకపోతే మాత్ర ఆపేయొచ్చా?

సొంతంగా నిర్ణయించొద్దు, ఫోన్ చేసి అడగండి. తినకపోయినా జ్వరంలో షుగరు పెరుగుతుంది, కాబట్టి ఇన్సులిన్ మొత్తంగా ఆపేస్తే ప్రమాదం. మరోవైపు, ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు మెట్‌ఫార్మిన్, డపాగ్లిఫ్లోజిన్ లాంటివి కొన్నాళ్లు ఆపమని డాక్టరే చెప్పొచ్చు. గంట గంటకూ కొద్దికొద్దిగా మజ్జిగ, పలచటి గంజి, పప్పుకట్టు తాగుతూ, నాలుగైదు గంటలకోసారి షుగరు చూసుకోండి. వాంతులు ఆగకపోయినా, 300 దాటి దిగకపోయినా, మనిషి మగతగా ఉన్నా, ఊపిరి ఎగబీల్చినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకుపోండి.